పగ రాజుది, అప్పు రైతుది

అమెరికా స్వాతంత్ర్య పోరాటానికి ఫ్రాన్స్ సాయం చేసిందని బడిలో చదివే ఉంటారు. స్వేచ్ఛ మీద ప్రేమతోనా? ఒక్కసారి ఆలోచించండి. అప్పుడు ఫ్రాన్స్‌ను ఏలుతున్నది 16వ లూయీ. తన జనానికే లేని స్వేచ్ఛ పరాయోళ్లకి ఎందుకిస్తాడు?

అసలు సంగతి పాత పగ. ఏడేళ్ల యుద్ధంలో ఇంగ్లండ్ చేతిలో ఓడి, 1763లో ఫ్రాన్స్ కెనడా వదులుకుంది. మన దగ్గరా అదే కథ. 1758లో చందుర్తి దగ్గర ఓడారు, మరుసటేడు మచిలీపట్నం పోయింది, ఉత్తర సర్కారులు చేజారాయి.

విదేశాంగ మంత్రి వెర్జెన్ లెక్క ఒకటే: అమెరికా విడిపోతే ఇంగ్లండ్ బలం, వ్యాపారం తగ్గుతాయి. 1776లో ఉత్తుత్తి కంపెనీ ఒకటి పెట్టించి దొంగచాటుగా తుపాకులు, మందుగుండు పంపించాడు. 1777లో సరటోగా దగ్గర ఇంగ్లీషు సైన్యం లొంగిపోయాక, వీళ్లు నిలబడతారని నమ్మకం కుదిరింది. 1778 ఫిబ్రవరిలో బహిరంగంగా ఒప్పందం చేసుకున్నారు. 1781లో యార్క్‌టౌన్ దగ్గర సముద్రం దారి మూసేసింది ఫ్రెంచి ఓడలే.

పగ తీరింది. దక్కిందేంటి? టొబాగో, సెనెగల్, కొండంత అప్పు. దొరలకు పన్ను మినహాయింపులు, భారం రైతు మీద. ఆ అప్పు తీర్చే దారి లేకే 1789లో సభ పిలిచారు, విప్లవం వచ్చిపడింది. 1793లో రాజు తలే పోయింది.

గట్టు తగాదాలో కసికొద్దీ అప్పు చేసి కోర్టుకెళ్లినోళ్లను మీరూ చూసుంటారు. కేసు గెలుస్తారు, పొలం మిగలదు.