పదకొండు గంటల ప్రశ్న

వట్లూరు రైల్వేస్టేషన్లో ఆగే బళ్ళకన్నా ఆగకుండా పోయే బళ్ళే ఎక్కువ. మద్రాసు–కలకత్తా మార్గం మీద, ఏలూరుకు బెజవాడ వైపున, ఇంజనీరింగు కాలేజీలూ వరిచేలూ చేపల చెరువులూ కలగలిసిన ఊరది. అక్కణ్ణుంచి దక్షిణంగా పోతే నేల పల్లమవుతూ పోయి కొల్లేటి సరస్సులో కలుస్తుంది. విశాఖ నుంచి ఢిల్లీకి పోయే బండి కూడా ఈ పట్టాల మీదనే దూసుకుపోతుంది. ఆ బండి చేరే నగరంలో, పార్లమెంటు కూర్చున్న రోజుల్లో, ఉదయం పదకొండు కొట్టగానే లోక్‌సభ స్పీకరు ఆనాటి మొదటి ప్రశ్న వేసిన సభ్యుని పేరు పిలుస్తారు. మంత్రి లేచి జవాబు చెప్పాలి. ఎంత పెద్ద మంత్రికైనా ఆ గంటలో తప్పించుకునే వీలు తక్కువ. ఈ పల్లపు సీమ గోడు ఆ గంటలోకి ఎలా చేరిందో చెప్పాలంటే కథను లండన్ నుంచి మొదలుపెట్టాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. తరవాత మూడేళ్ళకు బెజవాడ దగ్గర కృష్ణకు కూడా ఆనకట్ట పడింది. గోదావరి నీళ్ళు తూర్పు నుంచి, కృష్ణ నీళ్ళు పడమటి నుంచి కాలువల్లో వచ్చి ఏలూరులో కలుసుకోవడంతో ఈ సీమ రాతే మారిపోయింది. అయితే ఆ కాలువల మీద పెట్టిన ఖర్చు సబబేనా, రైళ్ళు మేలా కాలువలు మేలా అన్న వాదన నడిచింది ఏలూరులో కాదు, వెస్ట్‌మినిస్టర్‌లో. 1878లో బ్రిటిష్ కామన్స్ సభ నియమించిన కమిటీ ముందు, ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ముసలి కాటన్ దొర కూర్చుని కాలువల పక్షాన సాక్ష్యం చెప్పుకోవలసి వచ్చింది. మన నీళ్ళ గురించి అడిగినవాళ్ళూ తెల్లవాళ్ళే, చెప్పినవాడూ తెల్లవాడే. కాలువ గట్టున ఉన్న రైతుకు అక్కడ పీట లేదు.

1861 చట్టంతో ఇక్కడా శాసనమండళ్ళు వచ్చాయి కానీ, అందులోని భారతీయ సభ్యులకు ప్రశ్న అడిగే హక్కు లేదు. ఆ హక్కును 1892 చట్టం ఇచ్చింది. మరుసటి ఏడు వైస్రాయి మండలిలో భింగా రాజా వేసిన ప్రశ్నే ఈ దేశపు శాసనసభల చరిత్రలో మొదటిది. అది సామ్రాజ్య విధానాల గురించి కాదు. అధికారులు క్యాంపులకు బయలుదేరినప్పుడు పల్లెటూళ్ళ అంగడివాళ్ళు సరుకులు సమర్పించుకోలేక పడే ఇబ్బంది గురించి! ఆ దశాబ్దంలోనే మన చిత్తూరు సీమ మనిషి పనప్పాకం ఆనందాచార్యులు ఆ మండలిలో కూర్చున్నారు. జవాబు నచ్చకపోతే మళ్ళీ అడిగే హక్కు, అంటే అనుబంధ ప్రశ్న, 1909 సంస్కరణల దాకా రాలేదు. అప్పుడైనా మొదట అడిగినవాడికే ఆ వీలు. ఎవరైనా అందుకుని అడగవచ్చన్నది 1919 చట్టం తరవాతి మాట. నా లెక్కన అసలు మలుపు ఈ అనుబంధ ప్రశ్నే. మొదటి జవాబును గుమాస్తాలు రాసిస్తారు. రెండోదానికి మంత్రి సొంత బుర్ర వాడాలి.

ఏలూరు ఈ కథలోకి అడుగుపెట్టింది మోచర్ల రామచంద్రరావు పంతులుతో. ఏలూరులో వకీలుగా, పురపాలకుడిగా పేరు తెచ్చుకుని, మద్రాసు శాసనమండలిలో చాలాకాలం ఉండి, 1920ల నడుమ ఢిల్లీ కేంద్ర శాసనసభకు వెళ్ళారు. ఆయన మితవాది. గొంతు పెంచకుండా లెక్కలు అడిగే తరహా మనిషి. ఆ తరం వెనకాల మరో రకం వాళ్ళు వచ్చారు. 1926లో టంగుటూరి ప్రకాశం, 1934లో ఎన్.జి.రంగా, వి.వి.గిరి, తిరుపతి నుంచి అనంతశయనం అయ్యంగారు. ప్రశ్నల పరంపరతో సర్కారు బెంచీలను చీకాకుపరిచిన అయ్యంగారిని ఆనాటి తెల్లవాళ్ళ పత్రిక ఒకటి ‘సభలో ఎమ్డెన్’ అంది. 1914లో మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించి మాయమైన జర్మన్ ఓడ పేరది. దాని పేరు చెబితేనే మద్రాసు బెదిరిన రోజులు అప్పటికి ఇంకా జనానికి గుర్తే.

1952 మే నెలలో స్వతంత్ర భారతపు మొదటి ప్రజాసభ కూర్చునేసరికి (లోక్‌సభ అన్న పేరు 1954లో వచ్చింది) ఏలూరు ద్విసభ్య నియోజకవర్గం. కొండ్రు సుబ్బారావు, బయ్యా సూర్యనారాయణమూర్తి ఇద్దరూ ఇక్కణ్ణుంచి వెళ్ళారు. సుబ్బారావు కమ్యూనిస్టు. ఎగువసభలో కమ్యూనిస్టుల నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య, సైకిలెక్కి పార్లమెంటుకు వచ్చిన మనిషి. ఆ ఏడాది చివర్లో తెలుగువాళ్ళు పార్లమెంటు వైపు చూసినంత ఆత్రంగా మళ్ళీ అరవై ఏళ్ళ దాకా చూడలేదేమో. డిసెంబరు 15 రాత్రి మద్రాసులో, ఆంధ్రరాష్ట్రం కోసం నిరాహారదీక్షలో ఉన్న పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచారు. ఊరూరా రైళ్ళు ఆగిపోయాయి. నాలుగు రోజులకు, 19న, నెహ్రూ సభలో లేచి మద్రాసు నగరం లేకుండా ఆంధ్రరాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. ఒక మనిషి యాభై ఎనిమిది రోజులు కడుపు మాడ్చుకుని అడిగిన ప్రశ్నకు సభ ఇచ్చిన జవాబది. సకాలంలో ఇచ్చినట్టు మాత్రం కాదు.

1957 ఎన్నికల్లో ఏలూరు మోతే వేదకుమారిని పంపింది. 1962లో కమ్యూనిస్టు అభ్యర్థి విమలాదేవిని పంపింది. స్త్రీలు సభలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది ఉన్న రోజుల్లో, ఒకే నియోజకవర్గం వరసగా రెండుసార్లు, రెండు పార్టీల నుంచి స్త్రీలను ఎన్నుకుంది. 2023 సెప్టెంబరులో కొత్త భవనంలో మహిళా రిజర్వేషన్ బిల్లు మీద గంటలకొద్దీ ప్రసంగాలు సాగాయి. అక్కడ ఏలూరు ఈ మాటొకటి చెప్పుకోవచ్చు.

వేదకుమారి సభలో ఉన్న తొలి ఏడాదే ప్రశ్నోత్తరాల గంట తన బలం చూపించింది. జీవిత బీమా సంస్థ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో కోటీ పాతిక లక్షలకు దగ్గరగా ఎందుకు పెట్టిందన్న ప్రశ్న చిన్నగానే మొదలైంది. అనుబంధ ప్రశ్నలు దాని మీద పడ్డాయి. డిసెంబరులో ఫిరోజ్ గాంధీ సొంత పార్టీ ప్రభుత్వాన్నే నిలదీశారు. విచారణ జరిగి, 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఆ రోజుల్లో స్పీకరు పీఠం మీద ఉన్నది మరెవరో కాదు, ఒకప్పటి ఎమ్డెన్, అనంతశయనం అయ్యంగారే. తాను గుండ్లు పేల్చిన సభలోనే ఇప్పుడు ఇతరులు పేల్చేవాటికి దారి ఇచ్చే పెద్దరికం ఆయనకు దక్కింది.

ఈ హక్కు ఎంత గట్టిదో అంత సుళువుగా పక్కకు పోతుందని కూడా తరవాతి దశాబ్దాలు చూపించాయి. 1962లో చైనా యుద్ధమొచ్చినప్పుడు ప్రశ్నలు ఆగాయి. 1975 జులైలో, అత్యవసర పరిస్థితి నీడలో సభ కూర్చున్నప్పుడు, ప్రశ్నలే వద్దన్నారు. 1967 నుంచి మూడు ఎన్నికలు వరసగా గెలిచి ఏలూరుకు ప్రాతినిధ్యం వహించిన కొమ్మారెడ్డి సూర్యనారాయణ ఆ మౌనపు సభలోనూ ఉన్నారు, 1977లో మళ్ళీ తలుపులు తెరుచుకున్న సభలోనూ ఉన్నారు. ఆ కాలంలోనే, 1976లో, కొల్లేటి లంకల్లో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలకు చెరువులు తవ్వించి ఇచ్చింది. పేదవాడికి బతుకుతెరువు చూపించాలని మొదలైన ఆ పని తరవాత డబ్బున్నవాళ్ళ చేతుల్లోకి జారి, సరస్సు కడుపులో గట్ల మీద గట్లు లేచాయి. ఆనాడు ఢిల్లీలో అడిగేవాళ్ళుంటే ఏమయ్యేదో చెప్పలేను కానీ, దిద్దుబాటుకు అదే అదను అని మాత్రం అనిపిస్తుంది.

1984 ఎన్నికల తరవాత ముప్ఫై స్థానాలతో తెలుగుదేశం లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షమైంది. ఒక ప్రాంతీయ పార్టీ ఆ స్థానంలో కూర్చోవడం అంతకుముందు లేదు. ఏలూరు నుంచి వెళ్ళినవారు తణుకు ఆంధ్రా షుగర్స్ సంస్థకు చెందిన బోళ్ళ బుల్లిరామయ్య. 1989లో ఆయన్ను సినిమా హీరో కృష్ణ ఓడించారు. 1991లో కృష్ణను ఆయన ఓడించారు. సూపర్‌స్టారును చూడ్డానికి చెట్లెక్కిన జనమే రెండేళ్ళకు పంచదార మిల్లు పెద్దమనిషికి ఓటేశారు, దీనికి కారణాలు చెప్పేవాళ్ళు ఏలూరు టీకొట్ల దగ్గర ఇప్పటికీ దొరుకుతారు. నాలుగుసార్లు గెలిచిన బుల్లిరామయ్య 1996లో సంయుక్త ప్రభుత్వంలో వాణిజ్యశాఖ మంత్రి అయ్యారు. అడిగే బెంచీల నుంచి జవాబు చెప్పే బెంచీలకు మారారు. తొంభైలలోనే ప్రశ్నోత్తరాలు టీవీలోకి వచ్చాయి. అంతవరకూ పేపర్లో రెండు వరసల వార్తగా వచ్చిన జవాబును మంత్రి తడబడుతుండగా చూడగలిగాం. మంచిదే. కానీ కెమెరా వచ్చాక ప్రశ్నలు పొడుగయ్యాయి, సభ్యుల చేతుల్లో ప్లకార్డులు లేచాయి.

ఈ ఘట్టంలో ఒకరి దగ్గర కాసేపు ఆగాలి. జి.ఎం.సి.బాలయోగి, కోనసీమ దళిత కుటుంబం నుంచి వచ్చిన న్యాయవాది, 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. అయ్యంగారు, నీలం సంజీవరెడ్డి తరవాత ఆ పీఠమెక్కిన మన రాష్ట్రంవాడు, ఆ పీఠమెక్కిన మొదటి దళితుడు. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం మీద ఓటింగు జరిగింది. ఒరిస్సా ముఖ్యమంత్రి అయినా లోక్‌సభ సభ్యత్వం వదులుకోని గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అన్న పేచీ వచ్చింది. ఆయన అంతరాత్మకే వదిలేశారు బాలయోగి. 269కి 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. ఆ నిర్ణయం ఒప్పా తప్పా అని ఇంకా వాదించుకుంటారు. పీఠం మీద కూర్చున్నవాడు తన సొంత పార్టీ బలపరుస్తున్న ప్రభుత్వం కూలుతున్నా గొంతు పెంచలేదన్నదే నాకు గుర్తుండేది. 2002 మార్చి 3న భీమవరం నుంచి బయలుదేరిన ఆయన హెలికాప్టరు కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో ఒక చేపల చెరువులో కూలింది. దేశపు చట్టసభకు పెద్ద కొల్లేటి నీళ్ళలో కన్నుమూశారు. లంక జనమే మొదట పరుగెత్తుకెళ్ళారు.

అదే ఏడు కొల్లేరు, అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. అంతకు మూడేళ్ళ ముందే, 1999లో, ఐదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున గీసిన హద్దు) లోపలి 308 చదరపు కిలోమీటర్లు పక్షుల అభయారణ్యమయ్యాయి. రామ్‌సర్ లెక్కలో సరస్సు విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. ఈ రెండు అంకెల మధ్యనే కొల్లేటి తగవు మొత్తం ఇరుక్కుని ఉంది. 2006లో సుప్రీంకోర్టు కమిటీ చెప్పిన మీదట చెరువుగట్లను పేల్చేశారు. 2008లో రాష్ట్ర శాసనసభ కాంటూరును ఐదు నుంచి మూడుకు తగ్గించమని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ తగ్గించవద్దంది. ఏలూరుకు 2004లోనూ 2009లోనూ కావూరి సాంబశివరావు, 2014లో మాగంటి బాబు, 2019లో కోటగిరి శ్రీధర్, 2024లో పుట్టా మహేష్‌కుమార్ సభ్యులయ్యారు. పార్టీలు మారినా లంకల్లోకి వెళ్ళిన ఏ అభ్యర్థికైనా ఎదురయ్యేది ఒకటే ప్రశ్న: ‘మూడో కాంటూరు ఎప్పుడండీ?’ 2008లోనే పార్లమెంటు కాకినాడ–పుదుచ్చేరి కాలువలను జాతీయ జలమార్గం చేస్తూ చట్టం తెచ్చింది. కాటన్ పడవలు నడిపిన ఏలూరు కాలువ అందులో చేరింది. చట్టమైతే వచ్చింది కానీ ఆ కాలువలో సరుకు పడవలు తిరగడం లేదు.

2014 ఫిబ్రవరి గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు, మరిచినవాళ్ళు లేరు. 13న సభలో మిరియాల పొడి జల్లారు. 18న టీవీ ప్రసారం ఆగిపోయి, తలుపులు మూసిన లోక్‌సభలో విభజన బిల్లు గెలిచింది. 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్‌సింగ్ ప్రత్యేక హోదా అయిదేళ్ళన్నారు, వెంకయ్యనాయుడు పదేళ్ళు కావాలన్నారు. ఆ వేడిలో ఎవరి కంటా సరిగా పడనిది ఆ చట్టంలోని 90వ సెక్షను. పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టు చేసింది అదే. ఆ జులైలో సవరణ తెచ్చి ఆ ప్రాజెక్టు ముంపు మండలాలను ఆంధ్రలో కలిపారు. వాటిలో కుక్కునూరు, వేలేరుపాడు ఇప్పుడు ఏలూరు జిల్లావి. అప్పటి నుంచి ప్రతి సమావేశంలోనూ అంచనా వ్యయమెంత, పునరావాసం ఎందాకా, పూర్తి ఎప్పుడు అని అడుగుతూనే ఉన్నారు. ఈ గడువుల జవాబులన్నీ వరస పేర్చి చదివితే విభజన తరవాతి మన చరిత్ర చాలావరకు అందులోనే దొరుకుతుంది.

ఇంకొక నిశ్శబ్దం కూడా లెక్కలోకి రావాలి. 2020 సెప్టెంబరులో కోవిడ్ పేరుతో ప్రశ్నోత్తరాల గంట తీసేశారు. ఆ ఏడు శీతాకాల సమావేశాలు అసలు జరగనే లేదు. సరిగ్గా ఆ డిసెంబరు మొదటి వారంలోనే ఏలూరు వీధుల్లో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. ఆరువందల మందికి పైగా ఆసుపత్రికి చేరారు. సీసం, నికెల్ అన్నారు, పురుగుమందుల అవశేషాలన్నారు. దేశమంతా ఏలూరు పేరు మోగుతున్నప్పుడు, ఏలూరు తరఫున మంత్రిని నిలబెట్టి అడిగే గంట లేదు. సభ మళ్ళీ కూర్చునే నాటికి జనవరి నెలాఖరయింది, అప్పటికి ఆసుపత్రి మంచాలు ఖాళీ అయిపోయాయి.

ఇప్పటి పద్ధతిలో సభ్యుడు పదిహేను రోజుల ముందే నోటీసివ్వాలి. నూటయాభై మాటలు దాటకూడదు. లాటరీలో పేరు రావాలి. లోక్‌సభలో రోజుకు ఇరవై ప్రశ్నలకే నోటి జవాబు, అవి నక్షత్రపు గుర్తువి. తక్కినవాటికి కాగితం మీద జవాబు. శాఖలను గుంపులుగా విడదీసి ఒక్కో గుంపుకు వారంలో ఒక్కో రోజు కేటాయించారు. కొల్లేటిని అడగాలంటే ఇక్కడే చిక్కు వస్తుంది. కాంటూరు పర్యావరణ శాఖది. కొల్లేట్లోకి వచ్చే బుడమేరు వరద జలశక్తి శాఖది. చెరువులు 2019లో విడిగా ఏర్పడిన మత్స్యశాఖవి. లంకలవాడికి అంతా ఒక్కటే నీరు. ఢిల్లీలో మాత్రం ఒక్కో శాఖ వంతు ఒక్కో రోజు వస్తుంది. ఒక శాఖ జవాబులో రెండో శాఖ ఊసుండదు.