గరిటె ఎవరి చేతికిచ్చారు, చీపురు ఎవరి చేతికిచ్చారు



పోయిన వారం ఏటిమొగ రేవులో పంటు కోసం నిలబడి ఉన్నాను. ఎదురుమొండిలో పిల్లలతో ఒక మీటింగు ఉంది. పంటు ఇంకా అవతలి ఒడ్డునే ఉంది, ఎండ మాడ్చేస్తోంది. అప్పుడు మా మేనల్లుడు వీడియో కాల్ చేశాడు. వాడు నాగాయలంకలో ఇంటర్ చదివి, బెజవాడలో హోటల్ మేనేజ్‌మెంట్ చేసి, ఏడాదిన్నరగా ఒక విదేశీ క్రూయిజ్ ఓడలో ఉంటున్నాడు. గ్యాలీలో పని. గ్యాలీ అంటే ఓడ వంటశాల. కాగితం మీద వాడి ఉద్యోగం పేరు 'గ్యాలీ యుటిలిటీ'. మన భాషలో చెప్పాలంటే అంట్లు తోమటం, నేల కడగటం.

ఆ రోజు ఓడ ఏదో రేవులో ఆగింది. ప్రయాణికులు ఊరు చూడటానికి దిగిపోయారు. వీడికి పైన బఫే హాలు కడిగే డ్యూటీ పడింది. "మావయ్యా, ఓడ చూద్దువుగాని రా" అని ఫోను తిప్పి చూపించాడు. అద్దాల గోడల పక్కన బల్లలు, సముద్రం కనపడేటట్టు. అది అందరికీ కలిపిన బఫే. ఈత కొలను పక్కన బర్గర్ల కొట్టు. రాత్రంతా తెరిచి ఉండే పిజ్జా కౌంటరు. ఇటాలియన్ హోటలు ఒకటి, మాంసం కాల్చి పెట్టే హోటలు ఒకటి, ఆ రెంటికీ విడిగా డబ్బు కట్టాలి. తర్వాత మెట్లు దిగి కిందికి తీసుకెళ్ళాడు. ఓడ ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయే పొడుగాటి నడవా. పనివాళ్ళు దాన్ని 'ఐ నైంటీఫైవ్' అంటారట, అమెరికాలో ఒక పెద్ద రోడ్డు పేరు అది. దాని పక్కన పనివాళ్ళ భోజనశాలలు. ఆఫీసర్లది వేరు, స్టాఫ్ అనేవాళ్ళది వేరు, క్రూ అనే మా వాడి లాంటి వాళ్ళది వేరు.

"పైన డబ్బుని బట్టి కూర్చుంటారు మావయ్యా, కింద హోదాని బట్టి" అన్నాడు.

"నీకు ఇష్టమైన చోటేదిరా?" అని అడిగాను. ఓడ వెనక భాగంలో మోకులు చుట్టిపెట్టే చోట పనివాళ్ళకి వదిలిన కాస్త ఖాళీ జాగా ఉందట. డ్యూటీ దిగాక పళ్ళెంలో అన్నం పెట్టుకుని, వాళ్ళమ్మ పంపిన ఎండ్రొయ్యల పొడి కలుపుకుని అక్కడ కూర్చుంటాడు. అది చెప్పి వాడే అడిగాడు: "మనోళ్ళు పూర్వం కూడా ఓడలెక్కారంటావుగా. వాళ్ళేం తిన్నారు? ఎక్కడ కూర్చుని తిన్నారు? ఎవరు వండారు?"

పంటు వచ్చింది, సిగ్నల్ పోయింది. ఈ భాగం వాడికి నేను బాకీ పడిన జవాబు.

మనది ఓడల సీమే. బందరులో డచ్చి వాళ్ళు 1605లో, ఇంగ్లీషు వాళ్ళు 1611లో కొట్లు తెరిచారు. కలంకారీ బట్టల గురించీ వజ్రాల గురించీ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. కరువు వచ్చినప్పుడు ఇదే కోరమాండల్ తీరం రేవుల నుంచి డచ్చి కంపెనీ మనుషుల్ని కూడా కొని బటావియాకి తోలుకుపోయిందని మాత్రం ఉండదు. పదిహేడో శతాబ్దపు మాట ఇది. ఆకలికి బిడ్డల్ని అమ్ముకున్న కాలం. బందరు తీరం లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరాన సముద్రంలోనే లంగరేసేవి, సరుకయినా మనిషయినా చిన్న పడవల్లో పోయి ఎక్కాలి. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి ఇంచుమించు ముప్పై వేల మందిని తీసుకుపోయింది. 1977 నవంబరు 19 చూసిన దివిసీమ వాళ్ళకి ఆ రాత్రి ఎట్లా ఉండి ఉంటుందో నేను వర్ణించక్కర్లేదు. బందరు రేవు మళ్ళీ మునుపటి రేవు కాలేదు. తర్వాత కాలంలో దూరదేశాల చెరకు తోటలకి పోవాలంటే మద్రాసు, రంగూనుకి పోవాలంటే ఎక్కువగా కాకినాడ, విశాఖ.

మద్రాసు నుంచి నటాల్‌కి పోయిన మొదటి ఓడ ట్రూరో. 1860 అక్టోబరులో బయల్దేరి నవంబరు 16న డర్బన్ చేరింది. 342 మంది. అప్పటి నుంచి 1911 దాకా నటాల్‌కి 1,52,184 మంది కూలీలు వెళ్ళారు. ఎక్కువ మంది మద్రాసు రేవు నుంచే. ప్రతి ఓడకీ ఒక జాబితా రాసేవాళ్ళు: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు. ఆ కులం గడిలో రాతలు చూస్తే నవ్వూ వస్తుంది, కడుపూ మండుతుంది. ఒకడికి 'జెంటూ' అని రాస్తారు, అంటే తెలుగువాడని. ఒకడికి 'మలబార్', అంటే తమిళుడని. ఒకడికి 'క్రిస్టియన్'. మన వాడికి మాత్రం 'పరియా'. మిగతా వాళ్ళకి భాషా మతమూ కూడా కులం కింద చెల్లిపోయాయి. మన వాడిది తెలుగో తమిళమో ఎవడికీ అక్కర్లేకపోయింది.

ఇక తిండి. తోటలకి కూలీలు బతికి చేరితేనే డబ్బు. అందుకని ఓడలో ఎవరికి ఎంత తిండి పెట్టాలో వలస చట్టాల కింద నియమాలు చేశారు. బియ్యం, పప్పు, నెయ్యి లేదా నూనె, ఉప్పు, పసుపు, మిరప, చింతపండు, ఉల్లి, ఎండుచేప, అప్పుడప్పుడు మాంసం. మాంసానికి బతికున్న గొర్రెల్ని డెక్కు మీద కట్టేసి తీసుకుపోయేవాళ్ళు. తుఫానుకి పొయ్యి వెలిగించటం కుదరని రోజున అటుకులు, గట్టి బిస్కట్లు. ఒంటరి మగవాళ్ళు ఓడ ముందు భాగంలో, కుటుంబాలు మధ్యలో, ఒంటరి ఆడవాళ్ళు వెనక. వాతావరణం బాగుంటే పైన డెక్కు మీద వరసగా కూర్చోబెట్టి పెట్టేవాళ్ళు. ఊళ్ళో గంజి మెతుకులతో గడిపిన కుటుంబాలకి నెయ్యి గరిటె అక్కడే కనపడి ఉంటుంది. దాని వెనక అయిదేళ్ళ గిర్మిట్ ఉంది, కొరడా ఉంది, దారిలో కలరా వచ్చి సముద్రంలోకి జారవిడిచిన శవాలున్నాయి. వాటి గురించి వేరే భాగంలో రాశాను. ఇక్కడ పొయ్యి దగ్గరే నిలబడతాను.

పొయ్యి దగ్గర ఎవరున్నారు? ఓడ ఎక్కిన కూలీల్లోంచే వంటకి కొందరిని తీసేవాళ్ళు. వాళ్ళకి 'భండారీ' అని పేరు. మరుగుదొడ్లు కడగటానికి, డెక్కు ఊడవటానికి కొందరిని తీసేవాళ్ళు. వాళ్ళకి 'టోపాస్' అని పేరు. కాస్త కూలి కూడా ఇచ్చేవాళ్ళు. ఎవర్ని దేనికి తీశారన్నదే నా ప్రశ్న. కలకత్తా ఓడల గురించిన రాతల్లో ఇది తేటగా ఉంటుంది: గరిటె పై కులం వాడికి. ఎందుకంటే వాడు వండితే అందరూ తింటారు, ఎవడూ పస్తుండి చావడు, లెక్క తగ్గదు. చీపురు కింద కులం వాడికి. ఎందుకంటే వాడయితే ఎదురుచెప్పడనుకున్నారు. ఓడ నడిపిన తెల్లదొరకి మనుధర్మం మీద నమ్మకమేమీ లేదు. ఖర్చు లేకుండా ఓడ సాఫీగా నడిచే పద్ధతి అది, వాడుకున్నాడు.

టోపాస్ అన్న మాట చరిత్ర చూడండి. పోర్చుగీసు కాలంలో టోపాస్ అంటే మన తీరాల్లో కొలువు చేసిన మిశ్రమ సంతతి క్రైస్తవ సిపాయి. మాట టోపీ నుంచి వచ్చిందని కొందరు, మనకి తెలిసిన దుబాసీ నుంచి వచ్చిందని కొందరు అంటారు. తుపాకీ పట్టిన ఆ మాట ఓడెక్కి దిగజారి పాయిఖానా ఊడ్చేవాడి పేరయింది. ఆవిరి ఓడల్లో భారతీయ నావికుల మధ్య కూడా సారంగు, తండేలు, భండారీ, చివరికి టోపాస్ అన్న వరసే నడిచింది. తండేలు మన రేవుల్లో గౌరవంగా పిలిచే మాట. టోపాస్ ఏ రేవులోనూ గౌరవం కాలేదు.

"కాలాపానీ దాటగానే కులం సముద్రంలో కలిసిపోయింది" అని రాసే చరిత్రకారులున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు, దాన్ని కొట్టిపారేయను. ఒకే ఓడలో వెళ్ళిన వాళ్ళు 'జహాజీ భాయి' అని ఒకరినొకరు పిలుచుకున్నారు, ఆ బంధం తరాల పాటు నిలిచింది. కానీ కులం పోయిందని ఏడ్చింది ఎవరు? ఫిజీ ఓడల గురించి మనకి దొరికే పేరున్న పుస్తకం తోతారాం సనాఢ్యది. ఆయన ఉత్తరాది బ్రాహ్మణుడు, 1893లో జమునా అనే ఓడలో ఫిజీ వెళ్ళాడు, 1914లో హిందీలో పుస్తకం వచ్చింది. గిర్మిట్‌ని రద్దు చేయించిన పోరాటానికి ఆ పుస్తకం పెద్ద బలం, ఆయనకి దండం పెట్టాల్సిందే. కుక్క బిస్కట్లు పెట్టారని రాశాడు, అందరినీ కలిపి కూర్చోబెట్టారని రాశాడు. ఆ కలిపి కూర్చోబెట్టటం ఆయనకి అవమానం. ఆయన పక్కన కూర్చున్న వాడికి అది ఏమిటి? పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఎవరూ లేచిపో అనకుండా తిన్న అన్నం అయి ఉండొచ్చు. ఆ పక్కన కూర్చున్నవాడు పుస్తకం రాయలేదు. వాడికి అక్షరం ఇవ్వలేదు కదా. అందుకని ఓడ అన్నం చరిత్ర మొత్తం ఎంగిలి పడిందని బాధపడ్డ వాళ్ళ చరిత్రగానే మిగిలింది.

కులం సముద్రంలో కలవలేదనటానికి ఇంకో సాక్ష్యం ఉంది, అది మన వైపుది కాదు. 1902లో ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకానికి జైపూర్ రాజా మాధోసింగ్ లండన్ వెళ్ళాడు. ఒలింపియా అనే ఓడని మొత్తం తనకే అద్దెకి తీసుకున్నాడు. ఒక్కొక్కటి మూడు వందల కిలోలకి పైబడిన వెండి బానల్లో గంగాజలం నింపుకుని, తన దేవుడితో, తన వంటవాళ్ళతో ఎక్కాడు. ఆ బానలు ఇప్పటికీ జైపూర్ సిటీ ప్యాలెస్‌లో పెట్టారు, పిల్లలు వాటి ముందు సెల్ఫీలు దిగుతారు. డబ్బుంటే కులం ఓడెక్కుతుంది, మడితో సహా. లేనివాడికి ఉమ్మడి కుండ.

నా ఇంటి కథ ఒకటి చెప్పాలి. మా నాయనమ్మ అన్నగారు కుర్రతనంలో రంగూన్ పోయాడు. మేస్త్రీ చార్జీలకి బయానా ఇచ్చాడు, కాకినాడలో ఓడెక్కించాడు. 1931 నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు, రంగూన్ జనాభాలో సగానికి పైగా వాళ్ళే. ఓడరేవు మూటలు, రిక్షా లాగటం, బియ్యం మిల్లులు, ఊరి పాకీ పని, ఇవన్నీ తెలుగు చేతులు. డెక్కు టికెట్టు అంటే గది లేదు, మంచం లేదు. చాప పరిచినంత మేర నీది. ఆయన తిండి మూట కట్టుకుపోయాడు: సద్ది, ఉల్లిపాయ, ఎండుచేప, బెల్లంతో చేసిన అటుకులు. మూడు నాలుగు రోజుల ప్రయాణం. మా నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పిందో: "మా అన్న ఓడలో నీళ్ళ కుళాయి తనే తిప్పుకుని తాగాడంట." అంతే కథ. చిన్నప్పుడు నాకు అందులో విశేషం అర్థమయ్యేది కాదు. ఊళ్ళో చెరువు దగ్గర ఎవరో పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగిన మనిషి ఆయన.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు, దాని వెనకే అల్లర్లు జరిగి ఎందరో చచ్చిపోయారు. ఆయన బతికాడు. 1942లో జపాను బాంబులకి బయల్దేరి అరకాన్ వైపు కొండలు పట్టి నడిచి చిట్టగాంగు చేరాడు. డబ్బున్న వాళ్ళకి ఓడలు, విమానాలు దొరికాయి. దారిలో ఏం తిన్నావన్నా అని నాయనమ్మ అడిగితే చెప్పేవాడు కాదట. ఇంటికి చేరిన నాలుగో రోజు ఊరి సెంటర్లో టీ తాగుదామని వెళ్ళాడు. కొట్టు ఆయన చూరులో దోపిన గ్లాసు చూపించాడు. పదేళ్ళు ఓడ కుళాయి, రంగూన్ హోటలు చూసి వచ్చిన మనిషి ఆ గ్లాసు ముట్టుకోలేదు. చచ్చిపోయే దాకా బయట టీ తాగలేదు.

మొన్న రాత్రి మేనల్లుడు మళ్ళీ చేశాడు. నేను ఇదంతా చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఇక్కడ కులం రాసే గడి లేదు మావయ్యా. కానీ మొదటి వారంలోనే కేబిన్‌లో మన తెలుగోడే అడిగాడు, మీ ఇంటిపేరేంటి, మీరేవుళ్ళు అని. చెప్పాను. తర్వాత నుంచి ఎండ్రొయ్యల పొడి తీసుకోవటం మానేశాడు. అదివరకు సీసా సగం వాడే తిన్నాడు." ఆ మాట చెప్పి వాడే పకపకా నవ్వాడు.

వంట సెక్షన్‌లోకి మారటానికి వచ్చే నెల వాడికి ట్రయల్ ఉంది. అంట్ల నుంచి గరిటెకి. కూరగాయలు తరగటం, పులుసు పెట్టడం చేసి చూపించాలట. వాళ్ళమ్మని ఫోన్లో పెట్టి చేపల పులుసు కొలతలు రాసుకుంటున్నాడు. "చింతపండు ఎంతే అమ్మా?" అంటే "చేతికి తెలియాలి రా" అంటుంది ఆమె. గ్రాముల్లో చెప్పమని వీడి గోల.

మీ ఇళ్ళల్లో రంగూన్, నటాల్, ఫిజీ, మారిషస్ వెళ్ళొచ్చిన ముసలివాళ్ళ మాటలు మిగిలుంటే రాసి పంపండి. ఓడలో ఏం తిన్నారో, ఎవరి పక్కన కూర్చున్నారో, నీళ్ళు ఎట్లా తాగారో. ఒక్క వాక్యమైనా సరే. వచ్చే భాగంలో రంగూన్‌లో మేస్త్రీలు నడిపిన కూలీ లైన్ల గురించి, అక్కడి ఉమ్మడి మెస్సుల గురించి రాస్తాను.