యానిస్ అడెటోకున్బో: పేరులో మూడు అక్షరాలు ఎలా పెరిగాయి?

బాస్కెట్‌బాల్ చూసే పిల్లలకు ఈ పేరు తెలిసే ఉంటుంది. తెలియని తల్లిదండ్రుల కోసం ముందుగా రెండు మాటలు.

యానిస్ అడెటోకున్బో 1994 డిసెంబర్ 6న గ్రీసు రాజధాని ఏథెన్స్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు నైజీరియా నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవారు. చిన్నప్పుడు అన్నదమ్ములతో కలిసి వీధుల్లో గడియారాలు, చలువ కళ్ళద్దాలు అమ్మాడు. 2013లో అమెరికాలోని ఎన్‌బీఏ లీగ్‌లో మిల్వాకీ బక్స్ జట్టు అతన్ని ఎంచుకుంది. 2019, 2020 సంవత్సరాల్లో వరుసగా లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డు అందుకున్నాడు. 2021 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో ఒక్కడే 50 పాయింట్లు చేశాడు. 1971 తర్వాత బక్స్ మళ్ళీ టైటిల్ గెలిచింది అప్పుడే.

ఇంత ప్రసిద్ధుడి పేరును కూడా చాలామంది తప్పు రాస్తుంటారు. ఇంగ్లీషులో అతని ఇంటిపేరుకు 13 అక్షరాలు: ఎ, ఎన్, టి, ఇ, టి, ఓ, కె, ఓ, యు, ఎన్, ఎమ్, పి, ఓ. రాసేటప్పుడు ఒకరు 'ఎన్' వదిలేస్తారు, ఇంకొకరు 'ఎమ్' వదిలేస్తారు. చూసి చదివితే 'ఆంటెటోకౌన్మ్‌పో' అనిపిస్తుంది. పలకవలసింది మాత్రం 'అడెటోకున్బో' అని. మరి ఆ అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఇది నైజీరియాలోని యోరుబా భాష పేరు. 'కిరీటం సముద్రం దాటి తిరిగి వచ్చింది' అని దాని అర్థం. నైజీరియాలో దీన్ని ఇంగ్లీషు అక్షరాల్లో పదింటితోనే రాస్తారు: ఎ, డి, ఇ, టి, ఓ, కె, యు, ఎన్, బి, ఓ.

ఈ పేరును గ్రీకు లిపిలో రాయాల్సి వచ్చింది. ఇప్పటి గ్రీకులో 'డ' ధ్వనికి విడిగా అక్షరం లేదు. 'న', 'ట' ధ్వనుల అక్షరాలు పక్కపక్కన రాసి 'డ' అని చదువుకుంటారు. అలాగే 'మ', 'ప' కలిపి 'బ' అంటారు. 'ఉ' ధ్వనికి కూడా రెండు అక్షరాలు కావాలి. గ్రీకువాళ్ళు చదివితే పేరు సరిగ్గానే పలుకుతుంది. అంటే ఇక్కడిదాకా తప్పేమీ జరగలేదన్నమాట.

యానిస్ పుట్టింది గ్రీసులోనే అయినా, 18 ఏళ్ళ దాకా అతనికి ఏ దేశపు పౌరసత్వ పత్రాలూ లేవు. 2013 మేలో గ్రీకు పౌరసత్వం వచ్చింది. పాస్‌పోర్టు కోసం గ్రీకు పేరును మళ్ళీ ఇంగ్లీషు లిపిలోకి అక్షరానికి అక్షరం మార్చారు. 'డి' ఉండాల్సిన చోట 'ఎన్, టి', 'యు' చోట 'ఓ, యు', 'బి' చోట 'ఎమ్, పి' వచ్చి కూర్చున్నాయి. మూడు చోట్ల ఒక్కొక్కటి పెరిగి పది కాస్తా పదమూడు అయింది. ఈరోజు అతని జెర్సీ మీద ఉన్నది ఆ పాస్‌పోర్టు స్పెల్లింగే.

ఈ సంగతి మన బడి పిల్లలకు ఎందుకు చెబుతున్నానంటే, తమిళనాడులో ఉన్న మన తెలుగు ఇళ్ళలోనూ ఇదే జరుగుతోంది. 'దీప' అనే పేరు తీసుకోండి. తమిళంలో త, ద ధ్వనులకు ఒకటే అక్షరం. ప, బ ధ్వనులకూ ఒకటే. జనన ధ్రువపత్రంలో ఉన్న తమిళ పేరు చూసి ఎవరైనా అక్షరానికి అక్షరం ఇంగ్లీషులోకి మారిస్తే మన దీప కాస్తా 'తీపా' అయిపోతుంది. తమిళంలో తప్పు లేదు, తెలుగులోనూ తప్పు లేదు. కానీ ఆధార్‌లో ఒకలా, బడి రిజిస్టర్‌లో ఇంకోలా ఉంటే అవస్థ పడేది మాత్రం బిడ్డే. దానికి తోడు మనవాళ్ళు ఇంటిపేరు ముందు రాస్తారు, ఇక్కడి పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనిషియల్‌గా పెడతారు. ఒక కాగితంలో అదీ, ఇంకో కాగితంలో ఇదీ ఉంటే చిక్కు రెట్టింపు.

కాబట్టి తల్లిదండ్రులు ఈ నాలుగు పనులు చేయండి.

1. జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రిజిస్టర్ మూడూ పక్కపక్కన పెట్టి పేరును అక్షరం అక్షరం సరిపోల్చండి.

2. ఇనిషియల్‌గా ఇంటిపేరు పెడతారో, తండ్రి పేరు పెడతారో ఇంట్లో అందరూ కలిసి ఒకటి తేల్చుకోండి. అన్ని కాగితాల్లోనూ అదే ఉండాలి.

3. పదో తరగతి నామినల్ రోల్ మీద సంతకం చేసే ముందు బిడ్డ చేత పేరు గట్టిగా చదివించండి. సర్టిఫికెట్ అచ్చయ్యేది దాన్నిబట్టే. అచ్చయ్యాక దిద్దించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి ఉంటుంది.

4. తేడా కనిపిస్తే తొమ్మిదో తరగతిలోనే కాగితాలు తీసుకొని నా దగ్గరకు రండి. అప్పటికి చేతిలో సమయం ఉంటుంది.

పిల్లలూ, మీకొక మాట. యానిస్ మొదటి పేరు ఇంగ్లీషులో 'జి'తో మొదలవుతుంది, అయినా 'జియానిస్' అని పిలవకూడదు, 'యానిస్' అనాలి. మీ పేరును ఎవరైనా తప్పుగా పిలిస్తే మొహమాటపడకుండా సరిగ్గా పలికి వినిపించండి. కాగితం మీద ఒకే స్పెల్లింగ్ ఉండేలా చూడటం పెద్దల పని. పేరును సరిగ్గా పలికించుకోవడం మీ పని.