ల్యూక్ పేరుతో హ్యాంక్

అమెరికా సారా కొట్లలో మోగిన హాంకీ-టాంక్ పాటలవాడని హ్యాంక్ విలియమ్స్‌ను మేము చాలాకాలం పక్కన పెట్టాం. తల్లి అలబామాలో బాప్టిస్టు సంఘంలో ఆర్గాన్ వాయించేది. అతను వెన్నెముక లోపంతో పుట్టాడు. నొప్పికి మద్యం తోడైంది.

బుద్ధిమాటల రికార్డులూ చేశాడు. 1950 నుంచి అవి ‘ల్యూక్ ద డ్రిఫ్టర్’ అనే పేరుతో వచ్చాయి. హ్యాంక్ పేరు చూసి బార్లలోని జ్యూక్‌బాక్సులకు కొనేవారు. అక్కడ ప్రసంగం మోగితే బేరం పోతుందని భయం. గొంతు మాత్రం ఒకటే! ఆదివారం ఒక పేరు, సోమవారం ఒక పేరు మనకు లేవా?

1952లో తాగుడు వల్ల నాష్‌విల్ రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓలే ఆప్రీ అతన్ని తీసేసింది. 1953 జనవరి 1న, 29 ఏళ్లకే, కారు వెనక సీట్లో చనిపోయి కనిపించాడు. ఒహాయోలోని కాంటన్‌లో ఎదురుచూస్తున్న జనానికి ఆ వార్త చెబితే, ఎప్పటిలాగే రాకపోవడానికి సాకనుకుని కొందరు నవ్వారు. అప్పుడు వేదిక మీదివాళ్ళు అతను రాసిన ‘ఐ సా ద లైట్’ ఎత్తుకున్నారు. జనమూ గొంతు కలిపారు.