తుడవని మూడో చెయ్యి: స్టెతస్కోపు శుభ్రతకు రెండు వందల ఏళ్ల చరిత్ర

1816లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రికి గుండెజబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. ఒళ్లు భారీగా ఉండటంతో ఛాతీ మీద వేళ్లతో తట్టి చూసినా, అరచెయ్యి ఆనించి చూసినా డాక్టర్ రెనే లెనెక్‌కు ఏమీ అంతుపట్టలేదు. రొమ్ముకు నేరుగా చెవి ఆనించి వినడం అప్పటికి తెలిసిన మరో పద్ధతి. ఆమె వయసు చూసి ఆయన వెనకాడారు. కొన్ని కాగితాలను గట్టిగా గొట్టంలా చుట్టి, ఒక కొస ఆమె గుండె మీద పెట్టి రెండో కొసకు చెవి ఒగ్గారు. నేరుగా చెవి పెట్టినప్పటికంటే స్పష్టంగా గుండె చప్పుడు వినిపించింది.

ఇంతవరకూ ప్రతి వైద్య విద్యార్థికీ తెలిసిన కథే. అంతగా ప్రచారంలోకి రాని ముక్క ఒకటి లెనెక్ 1819లో ప్రచురించిన గ్రంథంలో ఉంది. రోగి ఒంటికి చెవి ఆనించడం డాక్టరుకూ రోగికీ ఇబ్బందేనని, పైగా ఆసుపత్రుల్లో ఏవగింపు వల్లే ఆ పద్ధతి దాదాపు అసాధ్యమైపోతోందని ఆయన రాశారు. నాటి పారిస్ ఆసుపత్రుల్లో చెమట, చీము, పేలు సర్వసాధారణం. అంటే బిడియం ఎంత కారణమో, మురికికి ఎడంగా ఉండాలన్న కోరికా అంతే కారణమన్నమాట. మురికిని దూరం పెట్టడానికి పుట్టిన ఆ గొట్టమే, ఒక రోగి ఒంటి మీది సూక్ష్మజీవుల్ని మరో రోగికి చేరవేస్తోందన్న అనుమానాన్ని తర్వాతి కాలంలో మోయాల్సి వచ్చింది.

లెనెక్ కాగితపు చుట్ట స్థానంలో చెక్క గొట్టం తయారుచేసుకున్నారు. దానితో వందలాది క్షయరోగుల ఊపిరితిత్తులు విన్నారు. చివరికి 1826లో, 45 ఏళ్ల వయసులో, ఆయన్నీ ఆ క్షయే తీసుకుపోయింది. ఆ జబ్బుకు ఒక సూక్ష్మజీవి కారణమని రాబర్ట్ కాక్ చూపించింది 1882లో. ఈ మధ్యలో గడిచిన 56 ఏళ్లలో చాలాకాలం డాక్టర్ల చేతులకైనా, పరికరాలకైనా శుభ్రత అనేది మర్యాదకు సంబంధించిన విషయమే తప్ప ప్రాణాలకు సంబంధించింది కాదు.

ఆ కాలంలోనే ఇద్దరు ముగ్గురు ఎదురు మాట్లాడారు. చిత్రమేమంటే, వారికీ స్టెతస్కోపుకూ దగ్గర సంబంధమే ఉంది.

అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే బోస్టన్ వైద్యుడు పారిస్‌లో చదువుకుని, అక్కడి కొత్త పరీక్షా పద్ధతుల్ని నేర్చుకుని వచ్చారు. బాలింతల్ని బలిగొంటున్న సూతికా జ్వరాన్ని ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మోస్తున్నది డాక్టర్లూ మంత్రసానులేనని 1843లో ఆయన ఒక వ్యాసం చదివారు. పెద్దమనుషుల చేతులు మురికిగా ఉంటాయా అని తోటి వైద్యులు కొందరు మండిపడ్డారు. ఆయన కవి కూడా. తర్వాత కొన్నేళ్లకు 'స్టెతస్కోపు పాట' అనే హాస్య కవిత రాశారు. ఒక కుర్ర డాక్టరు కొనుక్కున్న స్టెతస్కోపులో సాలీడు గూడు కట్టుకుంటుంది, ఈగలు చిక్కుకుంటాయి. ఆ ఈగల రొద విని డాక్టరు రోగులకు లేనిపోని జబ్బులు అంటగడతాడు. అంటువ్యాధి గురించి హోమ్స్ రాసింది వేరే చోట, మురికి స్టెతస్కోపును వెక్కిరించింది వేరే చోట. ఆ రెంటినీ ఆయన ఒకచోట కలపలేదు.

వియన్నా కథ మరింత ఆశ్చర్యకరం. అక్కడి జనరల్ ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. మంత్రసానులు పనిచేసే విభాగంలో 1846లో తల్లుల మరణాలు 2.8 శాతం. శవపరీక్షలు చేసి నేరుగా వచ్చే వైద్య విద్యార్థుల విభాగంలో 11.4 శాతం. 1847లో శవపరీక్ష చేస్తుండగా కత్తి గుచ్చుకుని మిత్రుడు కొల్లెచ్కా మరణించడంతో అక్కడి వైద్యుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్‌కు శవాల నుంచి చేతులకు అంటిన పదార్థమే తల్లుల్ని చంపుతోందని బోధపడింది. మే నెల నుంచి క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టారు. 1848 నాటికి ఆ విభాగంలో మరణాలు 1.3 శాతం దగ్గరకు దిగాయి.

ఇక్కడ తక్కువగా చెప్పుకొనే సంఘటన 1847 అక్టోబరుది. గర్భాశయ క్యాన్సర్‌తో పుండు పడి స్రవిస్తున్న ఒకామెను వార్డులో మొదటి మంచం మీద ఉంచారు. ఆమెను పరీక్షించాక డాక్టర్లు సబ్బుతో మాత్రమే చేతులు కడుక్కుని పక్క మంచాలకు వెళ్లారు. ఆమెతో పాటు ప్రసవించిన 12 మందిలో 11 మంది చనిపోయారు. జబ్బు శవాల నుంచే కాదు, బతికున్న రోగి నుంచి కూడా రోగికి నడిచి వెళ్తుందని సెమ్మెల్‌వైస్ గ్రహించారు. రోగికీ రోగికీ మధ్య చేతులు కడగాలన్నారు, పనిముట్లనూ అదే నీళ్లలో కడిగించారు.

వియన్నాలో ఆయన్ను వెనకేసుకొచ్చిన కొద్దిమంది పెద్దల్లో జోసెఫ్ స్కోడా ఒకరు. గుండె, ఊపిరితిత్తుల చప్పుళ్లకు అర్థాలు తేల్చి, స్టెతస్కోపు పరీక్షను ఒక శాస్త్రంగా నిలబెట్టింది ఈయనే. చేతుల సంగతి, గొట్టం సంగతి ఒకే ఆసుపత్రిలో, ఒకే బృందంలో పక్కపక్కన ఉన్నా ఒకదానికొకటి తగల్లేదు.

తర్వాతి మలుపు గ్లాస్గోలో వచ్చింది. 1865లో జోసెఫ్ లిస్టర్ ఎముక విరిగి బయటికొచ్చిన ఒక పిల్లవాడి గాయానికి కార్బాలిక్ ఆమ్లంతో కట్టు కట్టారు. గాయం చీము పట్టకుండా మానింది. అక్కడి నుంచి శస్త్రచికిత్స గది రూపురేఖలు మారిపోయాయి. కత్తులు, కత్తెర్లు మరిగే నీళ్లలోకీ, ఆపైన ఆవిరి యంత్రాల్లోకీ వెళ్లాయి. 1890 ప్రాంతంలో రబ్బరు తొడుగులు వచ్చాయి. ఈ మార్పంతా రక్తం కనిపించే చోట జరిగింది. స్టెతస్కోపు ఉండేది గది బయట, వార్డులో, డాక్టరు జేబులో. అదీకాక, 1851లో ఐర్లండ్ వైద్యుడు ఆర్థర్ లియర్డ్ రెండు చెవుల స్టెతస్కోపు చూపించాక, 1852లో న్యూయార్క్‌లో జార్జ్ కామన్ దాన్ని అమ్మకానికి అనువుగా మలిచాక, చెక్క పోయి వంగే గొట్టాలు వచ్చాయి. ఆ తర్వాత ఛాతీకి ఆనే చోట పల్చటి పొర, అంటే డయాఫ్రమ్, చేరింది. రబ్బరునీ పొరనీ కత్తిలా మరిగించే వీల్లేదు.

20వ శతాబ్దం మధ్యలో ఈ విభజనకు శాస్త్రీయమైన ముద్ర కూడా పడింది. అమెరికన్ శాస్త్రవేత్త ఎర్ల్ స్పాల్డింగ్ వైద్య పరికరాలను మూడు తరగతులు చేశారు. శరీరం లోపలికి వెళ్లేవి పూర్తిగా సూక్ష్మజీవి రహితంగా ఉండాలి. లోపలి పొరలకు తగిలేవి దాదాపు అంత శుభ్రంగా ఉండాలి. చెక్కుచెదరని చర్మానికి మాత్రమే తగిలేవాటికి మామూలు శుభ్రత చాలు. స్టెతస్కోపు మూడో తరగతిలో పడింది. వర్గీకరణ సబబైనదే. కానీ మామూలు శుభ్రత చాలు అన్న మాట ఆచరణలో శుభ్రతే అక్కర్లేదన్నట్టుగా మారింది.

పెన్సిలిన్ రాకతో కొంత ధీమా పెరిగింది. అది ఎక్కువ కాలం నిలవలేదు. 1950లలో పెన్సిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ రకం ఒకటి పలు దేశాల్లో నవజాత శిశువుల వార్డుల్ని అల్లకల్లోలం చేసింది. 1959లో మెథిసిలిన్ వచ్చింది, 1961లోనే దానికీ లొంగని ఎంఆర్‌ఎస్‌ఏను బ్రిటన్‌లో గుర్తించారు. మందు మీదే భారం వేస్తే కుదరదని తేలిపోయింది. ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ నియంత్రణ కమిటీలు పుట్టాయి.

స్టెతస్కోపు మీద సూటిగా చూపు పడింది 1972లో. ఆ ఏడాది 'లాన్సెట్' పత్రికలో ఒక నివేదిక, అమెరికాలో యేల్ వైద్య పత్రికలో మరొకటి వచ్చాయి. స్టెతస్కోపుల మీద స్టాఫిలోకాకస్ ఉంటోందని, అవి ఇన్ఫెక్షన్‌కు మూలం కాగలవని రెండూ హెచ్చరించాయి. ఆ తర్వాత ఇలాంటి అధ్యయనాలు వరస కట్టాయి. 1995లో అమెరికన్ పరిశోధకులు అత్యవసర విభాగాల సిబ్బంది వాడే 150 స్టెతస్కోపుల్ని పరీక్షిస్తే 133 మీద స్టాఫిలోకాకస్ కనిపించింది. రోజూ గానీ వారానికోసారి గానీ తుడిచేవారు 48 శాతం. నెలకోసారి అన్నవారు 37 శాతం. ఏనాడూ తుడవలేదని ఒప్పుకున్నవారు 7 శాతం. 2015లో 28 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో సగటున 85 శాతం స్టెతస్కోపుల మీద బ్యాక్టీరియా ఉన్నట్టు తేలింది.

అన్నిటికంటే కదిలించింది 2014 నాటి జెనీవా అధ్యయనం. డిడియే పిటే బృందం రోగిని పరీక్షించిన వెంటనే డాక్టరు చేతినీ స్టెతస్కోపునూ సూక్ష్మజీవులు పెరిగే మాధ్యమం మీద అద్ది లెక్కపెట్టింది. వేలికొసల మీద మధ్యస్థ లెక్క 467. డయాఫ్రమ్ మీద 89. బొటనవేలి కింది అరచేతి భాగం మీద 37. అంటే వేలికొసలు మినహా చేతిలో ఏ భాగం కన్నా ఆ పొరే ఎక్కువ సూక్ష్మజీవుల్ని పోగేసుకుంటోంది. స్టెతస్కోపు డాక్టరుకు మూడో చెయ్యి అన్న మాటకు ఈ అంకెలే ఆధారం. రెండు చేతులూ కడుక్కుని, మూడోదాన్ని అలాగే పక్క మంచం దగ్గరికి తీసుకెళ్తే కడిగిన ఫలితంలో కొంత అక్కడే పోతుంది.

సూక్ష్మజీవి ఉన్నంత మాత్రాన జబ్బు అంటుకున్నట్టేనా? ఈ ప్రశ్న న్యాయమైనదే. ఒక పెద్ద ఇన్ఫెక్షన్ వ్యాప్తికి స్టెతస్కోపు ఒక్కటే కారణమని నిర్ద్వంద్వంగా చూపడం కష్టం. చేతులు, మంచం రెయిలింగులు, బీపీ పట్టీలు, దుప్పట్లు అన్నీ అదే వార్డులో కలిసి ఉంటాయి. కానీ చర్మానికే తగిలే ఆ మూడో తరగతి వస్తువులు నిరపాయకరమని భావించలేమని ఆక్స్‌ఫర్డ్ అనుభవం చూపింది. అక్కడి ఒక నాడీ సంబంధ ఐసీయూలో 2015 నుంచి 2017 వరకు 70 మందిలో క్యాండిడా ఆరిస్ అనే మొండి ఫంగస్ బయటపడింది. వెతగ్గా వెతగ్గా దారి తీసింది చంకలో పెట్టే థర్మామీటర్ల దగ్గరికి. అవి ఒకరి తర్వాత ఒకరికి వాడేవి, చర్మానికి మాత్రమే తగిలేవి. వాటిని వార్డు నుంచి తీసేశాక కొత్త కేసులు బాగా తగ్గాయి. స్టెతస్కోపు పనిచేసే తీరూ అదే.

మరి తుడవడం అంత కష్టమా? కానే కాదు. ఆల్కహాల్ స్వాబ్‌తో డయాఫ్రమ్‌ను తుడిస్తే బ్యాక్టీరియా బాగా తగ్గుతుందని 1990లలోనే తేలింది. తుడిచే తీరు మాత్రం ముఖ్యం. అమెరికాలో 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో ఐసీయూ స్టెతస్కోపులను ఒక నిమిషం పాటు హైడ్రోజన్ పెరాక్సైడ్ వైప్‌తో తుడిచినప్పుడు వాటిలో సగం, కొత్తవాటి స్థాయికి వచ్చాయి. సిబ్బంది ఎవరి అలవాటు ప్రకారం వారు తుడిచినప్పుడు ఆ స్థాయికి చేరినవి పదో వంతే.

కష్టమంతా అలవాటులో ఉంది. చేతుల విషయంలో ఆ అలవాటును మార్చిన చరిత్ర జెనీవాదే. 1994లో అక్కడి ఆసుపత్రిలో చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాల్లో నియమం పాటించినవి 48 శాతం. సింకు దాకా నడిచే అవసరం లేకుండా ప్రతి మంచం దగ్గరా ఆల్కహాల్ ద్రావణం పెట్టారు, గోడల మీద పోస్టర్లు అంటించారు, లెక్కలు తీసి సిబ్బందికి చూపించారు. 1997కల్లా అది 66 శాతమైంది. ఆసుపత్రి ఇన్ఫెక్షన్లు 16.9 నుంచి 9.9 శాతానికి తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో తెచ్చిన చేతుల శుభ్రత మార్గదర్శకాలకు ఇదే పునాది. స్టెతస్కోపుకు అలాంటి ఉద్యమం రాలేదు. అమెరికాలో కనెక్టికట్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో డాక్టర్లను, విద్యార్థులను గమనిస్తే రోగికీ రోగికీ మధ్య స్టెతస్కోపు తుడిచినవారు సున్నా. పాఠం చెప్పి, మళ్లీ గమనించినా సున్నాయే. ఇది 2017లో వచ్చిన ఫలితం. బోధన ఒక్కటే చాలదని దీన్నిబట్టి తెలుస్తుంది.

స్టెతస్కోపు వ్యక్తిగత సొత్తు కావడం ఇందుకు ఒక కారణం. 1960లలో హార్వర్డ్ హృద్రోగ వైద్యుడు డేవిడ్ లిట్‌మన్ రూపొందించిన తేలికపాటి నమూనా వచ్చాక, మంచి స్టెతస్కోపు కొనుక్కుని మెళ్లో వేసుకోవడం డాక్టరుకు గుర్తింపు అయింది. ఆసుపత్రి పరికరమైతే నర్సింగ్ విభాగం లెక్కలో ఉంటుంది, ఎవరో ఒకరు తుడుస్తారు. డాక్టరు మెళ్లోది ఎవరి బాధ్యతా కాదు. ఒక్కో రోగికి ఒక్కో చవక స్టెతస్కోపు కేటాయించే పద్ధతి ఐసీయూల్లో, విడి గదుల్లో వచ్చింది గానీ వాటిలో చప్పుడు సరిగా వినబడదని డాక్టర్ల ఫిర్యాదు. కోవిడ్ కాలంలో రక్షణ దుస్తులు వేసుకున్నవారు మెళ్లో స్టెతస్కోపును వార్డులోకి తేలేకపోవడంతో ఈ చర్చ కొంత ముందుకు జరిగింది.

మన దేశానికి ఈ విషయం ఎందుకు ముఖ్యమో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక చెబుతుంది. ఆసుపత్రిలో చేరిన ప్రతి వంద మందిలో ఆసుపత్రి వల్లే ఇన్ఫెక్షన్ తెచ్చుకునేవారు సంపన్న దేశాల్లో ఏడుగురు, తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో 15 మంది. 2015లో కేంద్రం మొదలుపెట్టిన కాయకల్ప పథకం ప్రభుత్వాసుపత్రుల శుభ్రతకు మార్కులు వేస్తుంది, ఇన్ఫెక్షన్ నియంత్రణ అందులో ఒక అంశం. ఇన్ఫెక్షన్ల నివారణకు జాతీయ మార్గదర్శకాలు 2020లో వచ్చాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆసుపత్రులకూ ఇవి వర్తిస్తాయి. కిక్కిరిసిన ఓపీలో ఒకే స్టెతస్కోపు వరసగా ఎంతోమంది ఛాతీ మీద ఆనే చోట ఆ మార్గదర్శకాలు కాగితం దాటడం ఇంకా ఎక్కువ అవసరం.

చేయాల్సింది జెనీవా చూపించినదే. ప్రతి మంచం దగ్గరా, ప్రతి ఓపీ బల్ల మీదా స్వాబ్‌ల డబ్బా ఉండాలి. చేతుల శుభ్రత తనిఖీ పట్టికలో స్టెతస్కోపుకూ ఒక గడి ఉండాలి. విరేచనాలు కలిగించే సి. డిఫిసిల్ వంటి వాటి బీజాలు ఆల్కహాల్‌కు చావవు కాబట్టి అలాంటి రోగికి విడిగా ఒక స్టెతస్కోపు కేటాయించాలి. పెద్ద డాక్టర్లు రౌండ్స్‌లో తాము తుడిచి చూపిస్తే వెనక నడిచే విద్యార్థులకు అదే అలవాటవుతుంది. రోగులూ, వారి వెంట వచ్చేవారూ 'డాక్టరుగారూ, ఒకసారి తుడిచి పెడతారా' అని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. పసిబిడ్డ తల్లీ, ఆపరేషనయిన మనిషి బంధువులూ తప్పకుండా అడగాలి.