పెద్దతెర టెలివిజను – దాని పోషణము

జ్యూరిచ్ సాంకేతిక విద్యాలయమున ఆచార్య ఫ్రిట్జ్ ఫిషర్ 1939లో తలపెట్టిన ఐడొఫార్ యంత్రము టెలివిజను బొమ్మను సినిమాతెరయంత చేసినది. 1943లో తొలి ప్రదర్శనము జరిగెను. 1947లో ఫిషర్ గతించెను.

వెల మాట యటుండనిండు, పోషణమే మాకు విస్మయము గొల్పుచున్నది. దర్పణముపై పలుచని నూనెపొర పరచి, ఎలక్ట్రాను కిరణముతో దానిపై ముడుతలు గీయుదురు. ముడుతపడిన చోటులనుండియే ఆర్కుదీపపు వెలుగు తెరను చేరును. ఇదంతయు శూన్యములో జరుగవలెను గనుక పంపులు విరామము లేక నడువవలెను. కిరణపు తాకిడికి నూనె చెడును. నూనె ఆవిరికి కాథోడు చెడును. మార్చుటకు నిపుణుడు దాపుననే యుండవలెను. రేడియోలో ఒక్క వాల్వు మాడినందుకే విసిగిన మేము అతని యోర్పునకు మ్రొక్కెదము!

సినిమాశాలలలో అది నిలద్రొక్కుకొనలేదు. అపోలో యాత్రలకాలమున హ్యూస్టన్ నియంత్రణశాలలో పెద్దతెరలపై దృశ్యములు చూపినది మాత్రము ఈ యంత్రమే.