దిబ్బలు కరిగిన డెల్టా

1901లో ఆరెల్ స్టైన్ తక్లమకాన్ ఎడారిలో నియా అనే పాడుబడ్డ ఊరిని తవ్వితే, ఖరోష్ఠీ లిపిలో రాసిన చెక్క పలకలు వందలకొద్దీ బయటపడ్డాయి. వాన లేని చోట చెక్క సైతం పదహారు వందల ఏళ్ళు నిలిచింది. ఎడారి శిథిలాలకు ఇసుకే కాపలా. తెనాలి, రేపల్లె, బాపట్ల మధ్య పాతకాలపు ఆనవాళ్ళు వెతుక్కునేవాడికి ఆ అదృష్టం లేదు. ఇక్కడున్నది నల్లరేగడి, కాలవ నీళ్ళు, వరిచేలు. చేరువలో కొండ లేదు. రాయి కావాలంటే దూరం నుంచి మోసుకు రావాలి, లేకపోతే పాత కట్టడాన్ని విప్పాలి. ఈ ప్రాంతపు శిథిలాల కథ చాలామటుకు ఆ విప్పడంలోనే ఉంది.

అందుకు సాక్ష్యం భట్టిప్రోలు. 1916లో వేసిన తెనాలి–రేపల్లె రైలు మార్గంలో చిన్న స్టేషను. విక్రమార్కకోట దిబ్బ, లంజదిబ్బ అని జనం పిలుచుకున్న మట్టిగుట్టల్లో ఒకటి అసలు 148 అడుగుల వ్యాసమున్న బౌద్ధ మహాస్తూపం. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది. డెల్టా పొడవునా కాలవలు, లాకులు, రోడ్లు మొదలయ్యాయి. వాటికి ఇటుక కావాలి, రాయి కావాలి. దిబ్బలో రెండూ ఉన్నాయి. ఇటుకలు రోడ్డు పాలయ్యాయి, పాలరాతి పలకలు వెల్లటూరు దగ్గర కాలవ కట్టడంలోకి పోయాయి. ఏ నీళ్ళు ఈ సీమకు అన్నం పెట్టాయో ఆ నీళ్ళ పనే స్తూపాన్ని తినేసింది. అప్పటి ఇంజనీర్లను తిట్టడం తేలికే గాని, అంతకుముందు అమరావతి దిబ్బను తవ్వించి రాళ్ళు వాడుకున్న జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు మనవాడే కదా!

1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు తవ్వడానికి వచ్చేసరికి మిగిలింది మొండిగోడే. అయినా స్తూపం నడిబొడ్డున, ఎవరి గునపమూ తగలనంత లోతులో, మూడు రాతి ధాతుపేటికలు దొరికాయి. వాటి అంచుల మీద చెక్కిన అక్షరాలను జర్మన్ పండితుడు బ్యూలర్ చదివాడు. కుబిరకుడనే రాజు పేరు, పేటికలు చేయించిన గోష్ఠి సభ్యుల పేర్లు తెలిశాయి. సాధారణంగా క్రీ.పూ. 3–2 శతాబ్దాలకు చెందినవిగా భావించే ఆ అక్షరాల్లో ఒక వింత ఉంది. అశోకుడి బ్రాహ్మిలో హల్లుకు ‘అ’కారం దానంతటదే వస్తుంది, భట్టిప్రోలులో దానికి విడిగా ఒక గీత పెట్టారు. లిపి చరిత్రకారులు ఇప్పటికీ ఈ పేటికల దగ్గర ఆగకుండా ముందుకు పోరు. అక్కడి ధాతువు మాత్రం 1920లో కలకత్తా ధర్మరాజిక చైత్య విహారానికి చేరింది. యాత్రికుడికి ఇప్పుడు కనిపించేది గడ్డి మధ్య గుండ్రటి ఇటుక దిమ్మె. ఫొటో కోసం వచ్చినవాళ్ళు పది నిమిషాల్లో తిరుగుముఖం పడతారు.

బౌద్ధం వెనకబడ్డాక కట్టడాల పని గుళ్ళకు మళ్ళింది. చందవోలు పన్నెండో శతాబ్దంలో వెలనాటి చోడుల రాజధాని. లింగోద్భవస్వామి గుడి ఆ కాలాన్ని గుర్తు చేస్తుంది. బాపట్ల భావనారాయణస్వామి ఆలయానిది గజపృష్ఠ విమానం, అంటే వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. బౌద్ధ చైత్యగృహాల అమరిక ఇదే. పల్నాడులోని చేజర్ల కపోతేశ్వరాలయంలోనూ ఇదే ఆకారం చూస్తాం. మతం మారినా మేస్త్రి పనితీరు మారలేదు. బాపట్ల గుడి గాలిగోపురం మాత్రం 2011లో కూలింది.

గుళ్ళ తర్వాత వర్తకుల వంతు. తీరాన ఉన్న నిజాంపట్నంలో డచ్చివాళ్ళు 1606లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో దిగారు. అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

మరోపక్క, గుంటూరు నుంచి పొన్నూరు వెళ్ళే దారిలో చేబ్రోలు. కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మ గుడి అక్కడి ప్రత్యేకత. కట్టించింది ఆ వెంకటాద్రి నాయుడే; ఒకచోట విప్పించిన చెయ్యి మరోచోట నిలబెట్టింది. ఆ ఊళ్ళోనే భీమేశ్వరాలయం మరమ్మతుల సందర్భంలో ఒక శాసన స్తంభం కళ్ళబడింది. 2019లో భారత పురావస్తు శాఖ శాసన విభాగం దాన్ని చదివింది. శాతవాహన రాజు విజయుడి అయిదో ఏడు, అంటే క్రీ.శ. 207. కార్తీకుడనే వ్యక్తి తాంబ్రాపెలో, అంటే నేటి చేబ్రోలులో, భగవతీ శక్తిమాతృకల గుడికి ప్రాసాదం, మండపం కట్టించి విగ్రహం నిలిపాడని సంస్కృతంలో ఉంది. అప్పటిదాకా దక్షిణాదిలో తొలి సంస్కృత శాసనమని చెప్పుకుంటూ వచ్చిన ఇక్ష్వాకు రాజు ఎహువల శాంతమూలుడి నాగార్జునకొండ శాసనం దీంతో ఆ స్థానం కోల్పోయింది.